నీటికెంత ఆకలి?

ఒక బిందెడు మంచినీళ్లు... పదిహేను లీటర్లు పట్టే బిందె అనుకోండి. అందులో ఒకే ఒక్క చెంచా పంచదార, అంటే 5 గ్రాములు, వేసి కలపండి. నీళ్లు తేటగానే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. నోట్లో పోసుకుంటే తీపి కూడా తెలియదు. కానీ అవే నీళ్లు ఓ కర్మాగారం గొట్టంలోంచి వాగులోకి వచ్చాయంటే నిబంధనలు ఉల్లంఘించినట్టే! ఎందుకంటే ఆ బిందెలోని నీటి 'సీవోడీ' లీటరుకు 370 మిల్లీగ్రాములు దాటిపోయింది. వాగులు, నదుల్లోకి వదిలే వ్యర్థజలాలకు మన దేశంలో ఉన్న సాధారణ పరిమితి 250.

పంచదారేమైనా విషమా? కాదు. మరి ఎందుకంత పట్టింపు? అక్కడే ఉంది అసలు సంగతి. కర్మాగారాలకు నోటీసులు, మూసివేత ఉత్తర్వులు, కోర్టు కేసులు... వీటన్నిటి వెనకా తరచూ కనిపించే ఈ మూడక్షరాల అంకె నీటిలో విషం ఎంతుందో చెప్పదు. ఆ నీటికి ఎంత ఆకలిగా ఉందో చెబుతుంది. ఆకలి దేనిమీదంటే, ఆక్సిజన్ మీద.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల రైతుల్ని అడిగితే ఈ ఆకలి గురించి ఏ పుస్తకమూ చెప్పనంత బాగా చెబుతారు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయంటే రైతు గుండె జారిపోతుంది. రాత్రంతా నాచుకు వెలుతురు లేదు, కాబట్టి ఆక్సిజన్ తయారుకాలేదు. చెరువు అడుగున కుళ్లుతున్న మేత, పెంట మాత్రం ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేసుకున్నాయి. వెంటనే ఏరేటర్లు తిప్పకపోతే పొద్దెక్కేసరికి పంట పోయినట్టే. మన ఎండలకు 30 డిగ్రీల దగ్గర ఉండే నీటిలో, ఎంత శుభ్రంగా ఉన్నా, లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ ఇమడదు. చేపలు బతికి పిల్లల్ని పెట్టాలంటే కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అంటే చేపకు, చావుకు మధ్య ఉన్నది మూడున్నర మిల్లీగ్రాములు!

ఇప్పుడు మళ్లీ పంచదార దగ్గరికి రండి. ఆ చెంచాడు పంచదార పూర్తిగా నీళ్లుగా, బొగ్గుపులుసు వాయువుగా మారాలంటే సుమారు 5,600 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. బిందెలో ఉన్నదేమో 110 పైచిలుకు. అంటే ఒక్క చెంచా పంచదార దాదాపు 50 బిందెల నీటిలోని ఆక్సిజన్‌ను మింగగలదు. ఇక డిస్టిలరీల నుంచి వచ్చే గోధుమరంగు స్పెంట్‌వాష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని సీవోడీ లీటరుకు లక్ష మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క లీటరు చాలు, 13 వేల లీటర్ల నీటిని ఊపిరాడకుండా చేయడానికి. గాలి నుంచి వాగుకు మళ్లీ కొంత ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది, నిజమే. కానీ ఖర్చు జమను మించిపోతే వాగుకైనా దివాళా తప్పదు.

అయిదు రోజులు ఆగలేక...

ఈ ఆకలిని కొలిచే పాత పద్ధతి వేరే ఉంది. నీటిని సీసాలో మూతపెట్టి, అందులోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తింటాయో చూడటం. అదే బీవోడీ. 1912లో బ్రిటన్‌లోని రాయల్ కమిషన్ ఈ పరీక్షకు అయిదు రోజులు గడువు పెట్టింది. అక్కడి నదుల్లో నీరు సముద్రాన్ని చేరడానికి అంతకు మించి పట్టదన్నది దానికి చెప్పే కారణం. నాసిక్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చే మన గోదావరికి ఆ లెక్క ఏమాత్రం సరిపోతుందో మరి! మన దగ్గర వేడి ఎక్కువ కాబట్టి 27 డిగ్రీల వద్ద మూడు రోజుల పరీక్షను పాటిస్తున్నారు.

మూడు రోజులైనా తక్కువేం కాదు. కర్మాగారం శుద్ధి ప్లాంటు నడిపేవాడికి ఈ రోజు ట్యాంకులో నీళ్లు ఎలా ఉన్నాయో ఈ రోజే తెలియాలి. పైగా సూక్ష్మజీవులు తినలేని రసాయనాలు, వాటినే చంపేసే రసాయనాలు ఆ నీటిలో ఉంటే బీవోడీ తక్కువ చూపిస్తుంది. తినేవాడు చచ్చిపోతే అన్నం మిగలదూ? చూసేవాడు మాత్రం ఆకలి లేదనుకుంటాడు. అందుకే సూక్ష్మజీవుల దయమీద ఆధారపడకుండా, నీటిలోని సేంద్రియ పదార్థాన్నంతా రసాయనంతో కాల్చి పారేసి లెక్కగట్టే పద్ధతి కావాల్సి వచ్చింది. పొటాషియం డైక్రోమేట్‌తో ఆ పనిచేసే విధానాన్ని 1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ప్రకటించారు. కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తున్నది అదే.

రెండు గంటల మంట

కాలుష్య నియంత్రణ మండలి ప్రయోగశాల అయినా, గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబ్ అయినా సీవోడీ బల్ల దూరంనుంచే తెలిసిపోతుంది. వరసగా గుండ్రటి ఫ్లాస్కులు, వాటి నెత్తిన నిటారుగా గాజు కండెన్సర్లు, వాటికి చుట్టుకుని చల్లటి నీళ్లు మోసే రబ్బరు గొట్టాలు. ముందుగా ఫ్లాస్కులో 20 మిల్లీలీటర్ల నమూనా. అందులో చిటికెడు మెర్క్యురిక్ సల్ఫేట్. తర్వాత నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణం కచ్చితంగా 10 మిల్లీలీటర్లు. చివరగా సిల్వర్ సల్ఫేట్ కరిగించిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్లు. ఈ చివరి అంకంలోనే కెమిస్టు చేతి నేర్పు బయటపడుతుంది. ఆమ్లం తగలగానే ద్రావణం సలసలా కాగిపోతుంది. తొందరపడితే నీటిలో ఉన్న తేలికపాటి ద్రావకాలు ఆ వేడికి ఆవిరై ఎగిరిపోతాయి. ఎగిరిపోయినవి లెక్కలోకి రావు. అందుకే ఫ్లాస్కును చల్లబరుస్తూ, తిప్పుతూ, మెల్లగా పోయాలి. మీదకు చిందిందంటే చెప్పేదేముంది, తోలు ఊడిపోతుంది.

ఇక మంట మీదికి. 150 డిగ్రీల వద్ద రెండు గంటలు. ఎసరు మీద మూతపెడితే ఆవిరి మూతకు తగిలి చుక్కలై మళ్లీ గిన్నెలోనే పడుతుంది చూశారా, ఇక్కడ కండెన్సర్ చేసేదీ అదే. లోపల మాత్రం నిప్పులేని దహనం జరిగిపోతుంది. పంచదార, పిండి, నూనె, రంగు, మందు... ఏదైతేనేం, డైక్రోమేట్ దానికి ఆక్సిజన్ అందిస్తూ తాను తరిగిపోతుంది. తరుగుతున్నకొద్దీ నారింజ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. అనుభవమున్న కెమిస్టుకు సగం జవాబు అక్కడే తెలిసిపోతుంది. ఫ్లాస్కు మొత్తం పచ్చబడిందంటే డైక్రోమేట్ అయిపోయిందని, నీటికి ఇంకా ఆకలి తీరలేదని అర్థం. దాన్ని పారబోయాల్సిందే. నమూనాను పదింతలో వందింతలో పలచన చేసి మళ్లీ మొదలు.

రెండు గంటల తర్వాత మిగిలిన డైక్రోమేట్ ఎంతో చూడాలి. చల్లారిన ద్రావణంలో రెండు మూడు చుక్కల ఫెర్రోయిన్ వేసి, బ్యూరెట్‌లోంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ చుక్కచుక్కగా వదులుతారు. నీలి ఆకుపచ్చగా ఉన్నది ఒక్క చుక్కతో ఎర్రటి ఇటుకరంగుకు మారుతుంది. అక్కడ ఆపాలి. నమూనాతోపాటు ఒట్టి డిస్టిల్డ్ వాటర్ ఉన్న ఫ్లాస్కుకు కూడా ఇవే మర్యాదలన్నీ జరుగుతాయి. దాన్ని 'బ్లాంక్' అంటారు. బ్లాంక్‌కు 25 మిల్లీలీటర్లు పట్టి, నమూనాకు 20 పట్టిందనుకోండి. ఆ 5 మిల్లీలీటర్ల తేడాయే నీటి ఆకలి. లెక్కగడితే లీటరుకు 200 మిల్లీగ్రాములు. పరిమితికి లోబడే ఉంది. అదే తేడా ఆరుంపావు అయితే సరిగ్గా 250. ఇంకో చుక్క ఎక్కువైతే 252! బ్యూరెట్ నుంచి జారే ఒక్కో చుక్క విలువ ఇంచుమించు 2 మిల్లీగ్రాములన్నమాట. గీత దగ్గరి నమూనాల విషయంలో ఒక కర్మాగారం ఇటా అటా అనేది నాలుగైదు చుక్కల్లో తేలిపోతుంది.

అందుకే ఈ చుక్కల మీద అంత నిఘా. బ్యూరెట్‌లోని ద్రావణం గాలి తగిలి బలం కోల్పోతుంది కాబట్టి రోజూ దాని శక్తిని సరిచూసుకోవాలి. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ అనే తెల్లటి పొడిని లీటరు నీటిలో 425 మిల్లీగ్రాములు కరిగిస్తే సీవోడీ 500 రావాలి. రాలేదంటే తప్పు నీటిది కాదు, ల్యాబ్‌దే. చిన్న మూత గొట్టాల్లో వేడిచేసి, రంగును యంత్రంతో చదివే పద్ధతి వచ్చాక పని తేలికైంది, రసాయనాల ఖర్చూ తగ్గింది. అయినా ఆ రెండు గంటలు మాత్రం తగ్గలేదు.

ఇందులో ఓ విడ్డూరం కూడా ఉంది. నీరు ఎంత చెడిపోయిందో చెప్పే ఈ పరీక్షే పాదరసం, క్రోమియం, వెండి, ఆమ్లం కలిసిన వ్యర్థాన్ని మిగిలిస్తుంది. పరీక్షకు పెట్టిన నమూనాకన్నా, పరీక్ష అయ్యాక మిగిలిన ద్రావణమే ప్రమాదకరం! దాన్ని సింకులో పారబోస్తే అంతకన్నా ఘోరం లేదు. డబ్బాల్లో నింపి, దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపాలి.

ఉప్పుతో తంటా

మెర్క్యురిక్ సల్ఫేట్ ఎందుకు వేశారన్న సందేహం వచ్చే ఉంటుంది. ఉప్పు కోసం. ఉప్పులోని క్లోరైడ్‌ను కూడా డైక్రోమేట్ కాల్చేస్తుంది. వాగులోని సూక్ష్మజీవులు ఉప్పును తినవు, దానికి ఆక్సిజన్ ఖర్చుకాదు. కానీ పరీక్షలో మాత్రం దాన్నీ ఆకలిగానే లెక్కేసేస్తుంది. పాదరసం ఆ క్లోరైడ్‌ను పట్టి బంధిస్తుంది. మందుల కంపెనీల నీళ్లలో, రొయ్యల శుద్ధి కేంద్రాల నీళ్లలో ఉప్పు విపరీతం. అక్కడ పాదరసం చాలకపోతే అంకె అబద్ధమాడుతుంది.

దీనికి తిరకాసు కూడా ఉంది. మందుల తయారీలో వాడే పిరిడిన్ లాంటివి ఈ మంటకు లొంగవు. రెండు గంటలు ఉడికించినా చెక్కుచెదరవు. కాబట్టి అవి నీటిలో ఎంత ఉన్నా సీవోడీకి కనిపించవు. బెంజీన్ వంటివి ఆవిరై పైకి తేలిపోయి సగమే దొరుకుతాయి. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపే అవకాశం రెండు వైపులా ఉంది. అందుకే మంచి కెమిస్టు సీవోడీని ఎప్పుడూ ఒంటరిగా నమ్మడు. బీవోడీని పక్కన పెట్టి చూస్తాడు. సీవోడీలో సగానికిపైగా బీవోడీ ఉంటే ఆ నీటిని సూక్ష్మజీవులకు అప్పజెప్పొచ్చు, అవే శుభ్రం చేస్తాయి. మూడో వంతు కూడా లేదంటే ఆ నీళ్లలో ఉన్నది వాటి పళ్లకు అందని సరుకు.

సీసాకు సీలు

ల్యాబ్‌లో ఎన్ని జాగ్రత్తలు పడినా, సీసాలోకి వచ్చిన నీరే నిజమైనది కాకపోతే? 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ఈ అనుమానంతోనే పుట్టిందేమో అనిపిస్తుంది. చట్టప్రకారం నమూనా తీయాలంటే ముందుగా కర్మాగారం వారికి నోటీసు ఇవ్వాలి. వారి ఎదుటే నీటిని రెండు భాగాలు చేయాలి. సీసాలకు సీలువేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒకటి మండలి ల్యాబ్‌కు. కర్మాగారం కోరితే రెండోది రాష్ట్ర జల ప్రయోగశాలకు. ఈ తతంగంలో ఏది తప్పినా ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలవదు. ఇది కర్మాగారానికి రక్షణ. మంచిదే. కానీ అర్ధరాత్రి వాన పడుతుండగా వాగులోకి నురగ వదిలితే, తెల్లారి ఊరివాళ్లు మినరల్ వాటర్ బాటిల్‌లో పట్టుకొచ్చిన నీళ్లు కేసుకు పనికిరావు. అధికారి వచ్చి సీసా పట్టేసరికి వాగు తేటగా పారుతుంటుంది.

పట్టుకున్న నీటిని కూడా అలాగే వదిలేయకూడదు. సీసాలో కూడా సూక్ష్మజీవులు తింటూనే ఉంటాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఐసుపెట్టెలో 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 28 రోజుల దాకా చెడదు. ఎండలో జీపు వెనక సీట్లో పడేస్తే సాయంత్రానికే అంకె తగ్గిపోతుంది.

అన్నిటికన్నా తేలికైన మాయ ఇంకోటుంది. పలచన చేయడం! ఓ కర్మాగారం రోజుకు లక్ష లీటర్లు వదులుతోంది, సీవోడీ 1,000. పట్టుబడటం ఖాయం. బోరు తిప్పి మరో 3 లక్షల లీటర్ల మంచినీళ్లు కలిపిందనుకోండి. సీవోడీ ఠక్కున 250కి దిగుతుంది. కాగితం మీద అంతా సవ్యం. కానీ వాగులోకి వెళ్లే ఆకలి అప్పుడూ 100 కిలోలే, ఇప్పుడూ 100 కిలోలే. పైపెచ్చు 3 లక్షల లీటర్ల భూగర్భజలం దండగ. లీటరు లెక్కతోపాటు మొత్తం ఎన్ని లీటర్లన్నది కూడా చూస్తేనే ఈ మాయ బయటపడుతుంది.

ఈ దొంగాటలకు విరుగుడుగా 2014లో కేంద్ర మండలి 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమల గొట్టాలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని ఆదేశించింది. రాత్రీ పగలూ అంకెలు సర్వర్‌కు చేరుతుంటాయి. మంచి ముందడుగే. అయితే ఈ మీటర్లలో చాలావరకు నీటిని ఉడికించవు. అతినీలలోహిత కాంతిని నీటిలోంచి పంపి, ఎంత ఆగిపోయిందో చూసి సీవోడీని అంచనా కడతాయి. పంచదార ఆ కాంతిని ఆపదు. బిందెలో చెంచా కాదు, డబ్బా గుమ్మరించినా వాటికి తెలియదు! అందుకే ఆ మీటర్లను ఎప్పటికప్పుడు ల్యాబ్‌లోని ఫ్లాస్కుతో సరిచూసుకోక తప్పదు.

నక్కవాగు మీదుగా...

మన దగ్గర సీవోడీ అన్న మాట రైతుల నోళ్లలో కూడా నానిందంటే అది పటాన్‌చెరు పుణ్యమే. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. హైదరాబాద్‌లోని ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారు బయటికొచ్చి సొంతంగా బల్క్‌డ్రగ్ కంపెనీలు పెట్టారు. చవకైన మందుల రాజధానిగా హైదరాబాద్‌కు పేరొచ్చింది. మందులు ప్రపంచానికి, మిగిలిన నీళ్లు నక్కవాగుకు. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. ఒడ్డున వరి, చెరకు పండించిన రైతుల పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. రైతులకు పరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. చిన్నా పెద్దా కంపెనీల నుంచి ట్యాంకర్లలో వచ్చే నీటిని అక్కడ కలిపి శుద్ధిచేయడం మొదలైంది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పుట్టినప్పుడు చేలో ఆడుకున్న పిల్లలు పెద్దవాళ్లై పిల్లల్ని ఎత్తుకునేదాకా నడిచింది.

వాగులోకి వదలడం మాని, శుద్ధిచేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైన్‌తో నగర మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటూ జరిగింది. అక్కడి నుంచి మూసీకి. నక్కవాగుకు ఊరట దక్కింది. మూసీ కింది ఊళ్లవాళ్లు మాత్రం ఇది కూడా పలచన చేయడమే కదా అని అడుగుతూనే వచ్చారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం.

అంకెకు అందనిది

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఓ పరిశోధన పత్రం ప్రచురించింది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని సీవోడీ కోసం కాకుండా మందుల కోసం వెతికింది. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. జ్వరమొచ్చి ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ! రోజుకు సుమారు 45 కిలోల మందు అలా పోతోందని వారి అంచనా. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం సగటున అయిదు రోజుల్లో వాడే మందు అది.

మరి సీవోడీ ఏం చెప్పింది? ఆ 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్ససిన్ పూర్తిగా కాలిపోవడానికి పట్టే ఆక్సిజన్‌ను లెక్కగడితే 50 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ వస్తుంది. అంటే ఒట్టి నీటిలో అంత మందు కలిపి ఇచ్చినా సీవోడీ పరీక్షలో దర్జాగా పాసవుతుంది. పరిమితిలో అయిదో వంతు! చెంచాడు పంచదార కలిపిన బిందె ఫెయిలైన చోట ఇది నెగ్గుకొస్తుంది. తప్పు పరీక్షది కాదు. ఆకలి ఎంతని అడిగారు, చెప్పింది. ఆ నీటిలో పెరిగే బ్యాక్టీరియా మందులకు లొంగకుండా రాటుదేలుతుందా అని ఎవరూ దాన్ని అడగలేదు. ఆ ప్రశ్నకు వేరే యంత్రం కావాలి, వేరే పరిమితి కావాలి.

ఆ పరిమితి చేతిదాకా వచ్చింది కూడా. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో, మందుల కర్మాగారాల నుంచి వచ్చే నీటిలో ఒక్కో యాంటీబయోటిక్ ఎంతకు మించకూడదో అంకెలు వేశారు. వందకు పైగా మందులు ఆ జాబితాలో ఉన్నాయి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. యాంటీబయోటిక్‌ల జాబితా అందులో లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ తయారీ వ్యర్థజలాలపై తొలిసారిగా మార్గదర్శకాలు ప్రకటించింది. అవి సలహాలే, చట్టం కాదు.